అడవి యాత్రకు ఊరిలోనే సన్నాహము

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు గ్రామములలో సెలవు దినమున కొండలకును నదీతీరమునకును విహారమునకు పోవుట యువకులకు అలవాటైనది. నలుగురు కూడిన చాలును, మోటారు సైకిళ్ళపై వేదాద్రికో, ముక్త్యాల రేవునకో, కొండపల్లి కోటకో బయలుదేరుదురు. ఇంటిలో చెప్పి పోవువారు కొందరే. ఏ వేళకు తిరిగి వత్తురో చెప్పి పోవువారు ఇంకను తక్కువ.

పోవలదని చెప్పుట సులభము. కాని వద్దన్నంత మాత్రమున వారు మానరు, చెప్పకుండ పోవుదురు. కనుక గ్రామ పంచాయతీయే పూనుకొని, పాఠశాలతో కలిసి, ఏడాదికొకసారి బాలబాలికలకు ఒక అడవి యాత్రను సక్రమముగా ఏర్పాటు చేయుట మేలని మేము తలంచుచున్నాము. ఒకసారి క్రమము నేర్చినవారు మరల తాముగా పోయినను ఆ క్రమమునే పాటింతురు.

ఇది మన పెద్దలు ఎరుగని విద్య కాదు. పూర్వము పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు బండ్లు కట్టుకొని పోవువారు బియ్యము, నీటికుండ, లాంతరు, ఎడ్లకు మేత అన్నియు సమకూర్చుకొని, త్రోవలో ఎక్కడ దిగవలెనో, ఎవరి వెంట ఎవరు నడువవలెనో ముందే నిర్ణయించుకొనెడివారు. ఆ బుద్ధియే ఇప్పుడును కావలెను. అడవిలో ఏమి జరుగునో చాలవరకు ఊరిలోనే నిర్ణయమగును.

ఎక్కడికి పోవలెను?

నల్లమలలోని నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యము, 2008లో జాతీయ వనముగా ప్రకటింపబడిన పాపికొండలు మన రాష్ట్రపు గొప్ప అడవులు. కాని మొదటి యాత్రకు అంత దూరము పోనక్కరలేదు. మన మెట్టప్రాంతపు ముంగిటనే కొండపల్లి రిజర్వు అడవి ఉన్నది. నందిగామనుండి 65వ నంబరు జాతీయ రహదారిపై విజయవాడ వైపు పోయి, ఇబ్రహీంపట్నము దగ్గర మరలినచో సుమారు 35 కిలోమీటర్లలో కొండపల్లి చేరవచ్చును. జగ్గయ్యపేటవారికి మరి 30 కిలోమీటర్లు అదనము.

అచ్చట పిల్లలు చూడదగినవి మూడు కలవు. మొదటిది కోట. 14వ శతాబ్దమున రెడ్డిరాజుల కాలమున కట్టబడిన ఈ దుర్గము తరువాత గజపతుల చేతికిని, శ్రీకృష్ణదేవరాయలకును, గోలకొండ సుల్తానులకును, మొగలులకును చిక్కి, 1766లో ఇంగ్లీషువారి వశమైనది. పాఠ్యపుస్తకములోని ఇన్ని పేర్లు ఒక్క కొండమీద కనుపించుట పిల్లలకు మరపురాని పాఠము.

రెండవది కొండ దిగువనున్న బొమ్మల పని. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కొయ్యతో తయారగును. ఆ కొయ్య మెత్తనిది, తేలికైనది. దానిని చెక్కి, తడి పోవునట్లు వెచ్చచేసి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో భాగములను అతికి, రంగులు వేయుదురు. ఆ చెట్టు ఈ కొండల అడవిలో పెరుగునట్టిది. అది తరిగిపోవుటవలన కొయ్య దొరకుట కష్టమైనదని పనివారు చెప్పుచున్నారు. అడవి పోయిన చేతిపనియు పోవునను మాట పిల్లలకు ఇచ్చట కంటితో చూపవచ్చును.

మూడవది అడవియే. మూలపాడు దగ్గర అటవీశాఖవారు సీతాకోక చిలుకల వనమును ఏర్పరచిరి. వేసవిలో ఆకు రాల్చి, వానలకు చిగిర్చు మెట్ట అడవి ఇది. మైలవరము చుట్టునున్న కొండలలో బుడమేరు పుట్టి కొల్లేటిలో కలియుచున్నది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ఆ బుడమేరే పొంగి విజయవాడ నగరములో పెద్దభాగమును ముంచినది. కొండమీది చెట్టు, వాగు, దిగువనున్న ఊరు ఒకదానితో ఒకటి ఎట్లు ముడిపడియున్నవో చెప్పుటకు దీనికంటె మంచి చోటు లేదు.

ఏ కాలమున పోవలెను?

నవంబరు నడుమనుండి జనవరి చివరివరకు తగిన కాలము. ఫిబ్రవరి దాటిన ఎండ ముదురును, ఆకు ఎండి నిప్పుకు సిద్ధముగా నుండును. మే నెలలో 45 డిగ్రీలు దాటుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. అప్పుడు పిల్లలను కొండ ఎక్కించుట వడదెబ్బను పిలుచుటయే.

వానకాలమును పూర్తిగా విడువవలెను. 2023 జులై చివర మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరము వద్ద జాతీయ రహదారిపైకి నీరు వచ్చి రాకపోకలు నిలిచిపోయిన సంగతి మన సభ్యులందరును ఎరిగినదే. అంతటి రహదారియే తెగినపుడు కొండవాగు దాటుటను గూర్చి చెప్పనక్కరలేదు. బయలుదేరుటకు ముందు మూడు దినములనుండి వాతావరణశాఖ సూచనలను చూచుచుండవలెను. భారీ వర్షసూచన ఉన్నచో, ఎంత ఏర్పాటు జరిగియున్నను, యాత్రను వాయిదా వేయవలెను. ఆ అధికారము ఎవరిదో తీర్మానములోనే వ్రాసికొనవలెను. లేనిచో బస్సు వచ్చి నిలిచిన తరువాత ఆపుటకు ఎవరికిని నోరు రాదు.

నది ఒడ్డున బస వలదు

కొండ చూచిన తరువాత కృష్ణ ఒడ్డున ఇసుకపై డేరాలు వేయుదమని ఎవరో ఒకరు తప్పక అందురు. దీనికి పంచాయతీ ఒప్పుకొనరాదు.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ళపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, ఎగువనున్న లార్జీ ఆనకట్టనుండి విడిచిన నీటిలో కొట్టుకొనిపోయిరి. ఆ నది మనకు దూరము. కాని మనకు ఎగువనే పులిచింతల ఉన్నది. 45.77 టి.ఎం.సి. నీరు నిలువయుండగల జలాశయమది. 2021 ఆగస్టు 5న దాని 16వ నంబరు గేటు కొట్టుకొనిపోగా, నీటిని వేగముగా దిగువకు విడువవలసి వచ్చినది. ఒడ్డునున్న గ్రామములను హెచ్చరించిరి. ఎగువ గేట్లు ఎత్తినపుడు దిగువ ఇసుకతిన్నె మునుగుటకు ఆకాశమున మబ్బు ఉండనక్కరలేదు. మోకాలిలోతు నీరు నడుములోతు అగుటకు ఎక్కువ సేపును పట్టదు. కనుక నదిని దూరమునుండి చూచి సంతోషింపవలెను. స్నానము, ఈత, ఇసుకపై నిద్ర ఈ యాత్రలో ఉండరాదు.

అనుమతులు, కాగితములు

రిజర్వు అడవి ఊరి పొలిమేర వంటిది కాదు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము ప్రకారము దానిలో నిప్పు రగుల్చుట, చెట్లు నరకుట నేరములు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జంతువులను, పక్షులను బాధించుట నేరము. కావున నెల దినములకు ముందుగా అటవీ రేంజి అధికారికి వ్రాతపూర్వకముగా దరఖాస్తు చేయవలెను. దానిలో తేది, మనుష్యుల సంఖ్య, నడచు త్రోవ, బస స్థలము స్పష్టముగా నుండవలెను. దారి తెలిసిన అటవీ సిబ్బందిని వెంట పంపుమని కోరవలెను. కోట చూచు వేళలను, రుసుమును ముందుగా విచారింపవలెను.

పాఠశాల ప్రధానోపాధ్యాయుని సమ్మతియు, ప్రతి బాలుని, బాలిక యొక్క తల్లిదండ్రుల సంతకమును తీసికొనవలెను. ఆ పత్రములోనే ఉబ్బసము, మూర్ఛ, గుండెజబ్బు వంటివి ఉన్నవో లేవో, వాడుచున్న మందులేవో వ్రాయించుకొనవలెను. జబ్బు చెప్పిన పిల్లను తీసికొనిపోరని తల్లులు దాచుట కలదు. దాచనక్కర లేదనియు, ఆ పిల్లకు తగిన పని చూపుదుమనియు ముందే చెప్పవలెను.

ఖర్చును గూర్చి ఒక మాట. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములున్నవి. వానిలో విద్య, సామాజిక వనములు, సాంస్కృతిక కార్యక్రమములు కలవు. అయినను పంచాయతీ నిధినుండి ఏ ఖర్చు పెట్టవచ్చునో, ఏది పెట్టరాదో పంచాయతీ కార్యదర్శి చేత నిర్ధారణ చేయించుకొని తీర్మానింపవలెను. మిగిలినది చందాలతో నడుపవచ్చును. జమాఖర్చును యాత్ర ముగిసిన వారములోగా నోటీసు బోర్డుపై పెట్టవలెను.

వాహనము

ట్రాక్టరు ట్రక్కులో పోదుమనుట మన గ్రామములలో తరచు వినబడు మాట. ఖర్చు తక్కువ, బండి ఊరిదే. కాని సరకుల బండిలో మనుష్యులను ఎక్కించుకొనిపోవుట చట్టవిరుద్ధము. 2020 జూన్ నెలలో వేదాద్రి దర్శనము చేసికొని ట్రాక్టరులో తిరిగిపోవుచున్న యాత్రికులను లారీ ఢీకొనగా పదిమందికి పైగా మరణించిరి. వారిలో పిల్లలును ఉండిరి. అనుమతి పత్రమున్న బస్సును మాత్రమే కుదుర్చుకొనవలెను. చీకటిపడిన తరువాత రహదారిపై ప్రయాణము లేకుండునట్లు వేళలు నిర్ణయింపవలెను.

మంది, పెద్దలు

మొదటి యాత్రకు 30 మంది పిల్లలు చాలుదురు. వారిని ఆరుగురు చొప్పున 5 జట్లు చేసి, జట్టునకొక పెద్దను, అందరికి ఒక నాయకుని నియమించిన మొత్తము 36 మంది అగుదురు. బాలికలను తప్పక తీసికొనిపోవలెను. పెద్దలలో కనీసము ముగ్గురు స్త్రీలు ఉండవలెను. పంచాయతీ సభ్యురాండ్రు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయినులు ఈ పనికి తగినవారు.

నడకలో దారి తెలిసినవాడు ముందుండవలెను. నిదానస్థుడైన పెద్ద ఒకడు అందరికంటె వెనుక నుండవలెను. అతనిని దాటి ఎవరును వెనుకబడరాదు. నడక వేగమును జట్టులో మెల్లగా నడచు బిడ్డ నిర్ణయింపవలెను. ప్రతి విశ్రాంతి చోటను తలలు లెక్కింపవలెను.

త్రోవ చూచివచ్చుట

యాత్రకు వారము ముందు ఇద్దరు పెద్దలు పోయి, అటవీ సిబ్బందితో కలిసి, పిల్లలు నడువబోవు త్రోవనే నడచి రావలెను. నీడ ఎక్కడ కలదు, సెల్‌ఫోను ఎక్కడ పలుకును, బస్సు ఎంతవరకు వచ్చును, గాయపడినవారిని మోసికొని దిగుటకు దగ్గరి దారి ఏది అను నాలుగు విషయములను వ్రాసికొని రావలెను.

వేళను లెక్కించుటకు 1892లో స్కాట్లండు దేశీయుడైన విలియం నెయిస్మిత్ ఒక సులభమైన సూత్రము చెప్పెను. సమతలమున గంటకు 5 కిలోమీటర్లు, ఆపై ప్రతి 600 మీటర్ల ఎత్తునకు మరియొక గంట. ఉదాహరణకు త్రోవ 6 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 200 మీటర్లు అనుకొందము. నడకకు 72 నిమిషములు, ఎత్తునకు 20 నిమిషములు, వెరసి 92 నిమిషములు. ఇది అలవాటుపడిన పెద్దల లెక్క. పిల్లలకు దీనిని రెట్టింపు చేసి మూడు గంటలకు పైగా పట్టునని అనుకొనవలెను.

డిసెంబరు మొదట సుమారు 5 గంటల 40 నిమిషములకే ప్రొద్దు క్రుంకును. కొండలలో చీకటి ఇంకను ముందే కమ్మును. అందుచేత మధ్యాహ్నము 2 గంటలకు ఎచ్చటనున్నను వెనుదిరుగవలెనని ముందే నియమము పెట్టుకొనవలెను. శిఖరము ఇంకొక ఫర్లాంగే కదా అని ఆ నియమమును సడలించిన దినమే ఆపద కలుగును.

నీరు, ఆహారము, మూట

ఒక్కొక్కరికి త్రాగుటకు దినమునకు 4 లీటర్లు కావలెను. 36 మందికి 144 లీటర్లు. రెండు దినములకు 288 లీటర్లు. 20 లీటర్ల క్యాన్లు 15 చాలును. వంటకు, కడుగుటకు నీరు వేరుగా చూచుకొనవలెను. నడకలో ప్రతివారును 2 లీటర్లు తమ వెంట మోయవలెను. 2 లీటర్ల నీరు 2 కిలోల బరువగును; కనుక మూటలో మిగిలినవి తేలికగా నుండవలెను. కొండలోని చెలమ నీటిని కాచకుండ త్రాగనీయరాదు.

మొదటి మధ్యాహ్నమునకు ఇంటినుండి తెచ్చిన పులిహోర, రాత్రికి అన్నము పప్పు, మరునాటి ఉదయము ఉప్మా, మధ్యాహ్నము అన్నము చాలును. తలకు 150 గ్రాముల చొప్పున 36 మందికి పూటకు 5 కిలోల 400 గ్రాముల బియ్యము పట్టును. నడకలో తినుటకు వేరుసెనగ, బెల్లము, మరమరాలు మంచివి.

ప్రతి బిడ్డ మూటలో దుప్పటి, చలికి చొక్కా, తలకు గుడ్డ, టార్చిలైటు, ఈల ఉండవలెను. కాలికి మడమ కప్పు బూట్లు కావలెను. చెప్పులతో కొండ ఎక్కనీయరాదు. బూట్లు లేని పిల్లలున్నచో వారిని విడిచిపోవుట కాదు, చందాల సొమ్ములో మొదట వాటిని కొనుట న్యాయము. త్రోవ తప్పినచో ఈల మూడుమార్లు ఊది ఉన్నచోటనే కూర్చుండవలెనని ప్రతి బిడ్డకు నేర్పవలెను. వెదకుటకు తిరుగువాడు ఇంకను దూరము పోవును.

రాత్రి బస

రాత్రి అడవి నడుమ ఉండరాదు. అటవీశాఖవారు చూపిన స్థలమునగాని, వారి అనుమతి లేనిచో కొండ దిగువ పాఠశాల ఆవరణలోగాని డేరాలు వేయవలెను. నేల మెరకగా నుండవలెను. వాగు పల్లమునను, ఎండుకొమ్మలున్న చెట్టు క్రిందను, తేనెపట్టున్న బండ ప్రక్కను డేరా వేయరాదు. బాలికల డేరాలు, మరుగుదొడ్లు వేరుగాను, దీపపు వెలుగు పడునట్లును ఉండవలెను. పెద్దలు ఇద్దరు చొప్పున వంతులవారీగా మేలుకొనవలెను.

వంట గ్యాసు పొయ్యిమీద బసలోనే జరుగవలెను. చలిమంట వేడుకకు ఆశపడరాదు. ఎండుటాకులలో పడిన ఒక్క నిప్పురవ్వ పొణికి మొలకలను, నేలపై గ్రుడ్లు పెట్టు పక్షుల గూళ్ళను తినివేయును. బీడి, చుట్ట త్రాగు పెద్దలు ఆ రెండు దినములు మానుకొనవలెను. లేదా ఊరిలోనే ఉండిపోవలెను. మిగిలిన అన్నమును బయట పారవేసినచో అడవిపందులు, కుక్కలు చేరును. కుక్కల వెంట చిరుతయు రావచ్చును. తెచ్చిన ప్రతి ప్లాస్టిక్ సంచిని మరల ఊరికే తేవలెను.

ఆపద వచ్చినచో

పాము: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమునకును ఒకే విరుగుడు మందు ఆసుపత్రులలో ఉన్నది. కనుక పామును వెదకి చంపుటకు సమయము వ్యర్థము చేయరాదు. కరచిన చోట కోయుట, నోటితో పీల్చుట, త్రాడుతో బిగించుట, మంత్రము వేయించుట కూడవు. ఉంగరములు, గాజులు తీసివేసి, కాలిని లేదా చేతిని కదలకుండ బద్దకట్టి, మోసికొని దించి, 108 వాహనమునకు కబురు చేయవలెను. విరుగుడు మందున్న దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఏదో ఊరిలోనే విచారించి వ్రాసికొనవలెను.

తేనెటీగలు: కోటగోడలపైనను బండలపైనను తేనెపట్టులుండును. రాయి విసరుట, పొగపెట్టుట, కేకలు వేయుట ప్రాణాపాయము. ఈగలు లేచినచో ముఖము కప్పుకొని దూరముగా పరుగెత్తవలెను.

ఎండదెబ్బ: తల తిరుగుట, వాంతి, మాట తడబడుట కనిపించిన వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, తెలివి ఉన్నచో ఓ.ఆర్.ఎస్. నీరు కొద్దికొద్దిగా త్రాగింపవలెను. ఒక లీటరు నీటికి ఒక పొట్లము చొప్పున కలుపవలెను. తెలివి తప్పినవారి నోట నీరు పోయరాదు; వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఏ ఆపదకైనను 112 నంబరు పనికివచ్చును.

యాత్ర వలన ఏమి లాభము?

2014 మే 25న ఎవరెస్టు శిఖరమును ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి 13 ఏండ్లు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామములో పుట్టిన ఆమెయు, ఆమెతో ఎక్కిన ఖమ్మము ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమారును సాంఘిక సంక్షేమ గురుకులములలో చదివినవారు. వారి శిక్షణ మొదలైనది భువనగిరి బండమీద. ఆ బండ మన జగ్గయ్యపేట మీదుగా హైదరాబాదు పోవు వారికి దూరమైనది కాదు. మన పిల్లలందరును ఎవరెస్టు ఎక్కవలెనని మేము చెప్పుటలేదు. కూలివారి బిడ్డకును తగిన శిక్షణ, తగిన పెద్దలు దొరకినచో కొండ అడ్డము కాదని మాత్రమే చెప్పుచున్నాము.

తిరిగివచ్చిన వారమునకు పిల్లలచేత గ్రామసభలో మాట్లాడింపవలెను. ఏ చెట్టు చూచిరో, ఏ వాగు ఎటు పారుచున్నదో, తమ ఊరి చెరువుకట్టమీద ఏమి నాటవలెనో వారే చెప్పుదురు. ఆ మాటలు పంచాయతీ పనుల పట్టికలో చేరినచో యాత్రకైన ఖర్చు ఊరికే పోలేదని గ్రహింపవచ్చును.

చివరగా ఒక్క నియమము. బయలుదేరిన 36 మంది పేర్లు, వారి ఇండ్ల ఫోను నంబర్లు, నడచు త్రోవ, తిరిగి చేరవలసిన వేళ వ్రాసిన కాగితము ఒకటి పంచాయతీ కార్యాలయమున ఉండవలెను. ఒక సభ్యుడు దానిని ముందుంచుకొని మేలుకొని యుండవలెను. బస్సు ఊరిలోనికి వచ్చినంత మాత్రమున యాత్ర ముగిసినట్లు కాదు. ఒక్కొక్క బిడ్డ ఇంటి గడప దాటి లోనికి పోయినదని తెలిసికొని, పేరెదుట గుర్తు పెట్టుచు, 36వ గుర్తు పెట్టిన తరువాతనే ఆ సభ్యుడు దీపమార్పి ఇంటికి పోవలెను.